పెల్లికిల్‌ను పొర అనిన చాలునా?

జీవశాస్త్ర పాఠములలో యూగ్లీనాను వర్ణించుచోట పెల్లికిల్ అను మాట వచ్చును. దానిని "పలుచని పొర" అని చెప్పి సాగిపోవువారు కొందరు, "త్వచము" అనువారు కొందరు. మొదటిది తప్పు కాదు గాని చాలదు. రెండవది తప్పే.

త్వచమనగా కణమును చుట్టియుండు ప్లాస్మాత్వచము. కొవ్వులు, ప్రోటీనులు కలిసి ఏర్పడినది. యూగ్లీనాలో ఈ త్వచమునకు లోపలివైపున, దానిని అంటుకొని, ప్రోటీను పట్టీలు మరచుట్టువలె అమరియుండును. ఇవి ఒకదాని ప్రక్కన ఒకటి జారుటవలననే పలు జాతుల యూగ్లీనాలు ఒడలిని కుదించి, ఉబ్బించి, మరల సాచగలుగుచున్నవి. వృక్షకణమునకున్నట్టి గట్టి గోడ ఉన్నచో ఈ విన్యాసము సాగదు. పెల్లికిల్ త్వచమేయని నేర్చిన విద్యార్థికి ఈ సంగతియంతయు మరుగుపడును.

మాట పుట్టుక లాటిన్‌లో. పెల్లిస్ అనగా తోలు. పెల్లిక్యులా అనగా చిన్న తోలు. ఫ్రెంచివారు దీనినుండి వచ్చిన మాటను ఛాయాచిత్రపు ఫిల్ముకును, తలలోని చుండ్రుకును కూడ వాడుదురు! దంతవైద్యుల పెల్లికిల్ వేరు. శుభ్రపరచిన పంటి పింగాణిపై లాలాజలపు ప్రోటీనులు కొద్ది నిమిషములలోనే కట్టు పొర అది. సూక్ష్మజీవులు దానిపై చేరి పాచి యగును. 1965లో వెలువడిన కెనాన్ పెల్లిక్స్ కెమేరాలో ఆ పేరు అద్దమునకు చెల్లినది. సుమారు 20 మైక్రోమీటర్ల మందముగల ఆ ప్లాస్టిక్ పొర, కాంతిలో ఎక్కువ భాగమును ఫిల్ముకు పోనిచ్చి, మిగిలినదానిని చూచువాని కంటివైపు మరల్చెడిది. మందపు గాజైనచో రెండవ ముఖమునుండి మరియొక బింబము కనబడెడిది.

మరి తెలుగున ఏమందుము? చల్లారిన పాలమీద, గంజిమీద కట్టు పొరను తొరక అందురు. చక్కని మాట. పంటిమీది దానికి ఇది అతుకును, అదియు తానుగా కట్టినదే గనుక. సాగదీసి బిగించిన కెమేరా పొరకు అతకదు. జీవి దేహములో భాగమైన యూగ్లీనా పొరకు అసలే అతకదు. అవభాసిని అందమన్న, అది ఆకుమీది మైనపు పూతకు ఇదివరకే స్థిరపడినది. పటలము కంటి పొరలకు చెల్లినది.

కనుక యూగ్లీనా విషయమున పెల్లికిల్ అనియే ఉంచి, "త్వచమునకు అడుగున ప్రోటీను పట్టీలు గల, వంగెడు కవచము" అని వెంటనే వివరించుట మేలు. బల్లమీద బొమ్మ గీయునపుడు ఆ పట్టీలను ఏటవాలు గీతలతో చూపినచో విద్యార్థి త్వచముతో పొరబడడు.