బొట్టు స్టాండు కాలికి

ఆశ్వయుజం వచ్చిందంటే కాకినాడలో మా పెదనాన్న స్టూడియోకి రెండు రోజులు సెలవు. ఆయుధపూజ ముందు రోజు పొద్దున్నే బీరువా తెరిచి, ఏడాదిలో వాడినవీ వాడనివీ కెమెరాలన్నీ బయటికి తీసి, ఉతికిన తెల్ల దుప్పటి మీద వరసగా పేర్చేవాడు. శుభ్రం చేయడానికే ఆ రోజంతా పట్టేది. మర్నాడు పూజ. పెద్దమ్మ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొస్తే, "స్టాండు కాలికి పెట్టు, కెమెరా జోలికి వెళ్లకు. కుంకుమ రేణువు ఒక్కటి రింగులో దూరిందంటే ఏడాదంతా గరగరలాడుద్ది" అనేవాడు. అగరుబత్తీలు గుమ్మం అవతలే వెలగాలి. పొగలో ఉండే నూనె, మసి గాజు మీద సన్నని పొరలా దిగుతాయని ఆయన భయం. అది సరైన భయమే.

ఈ పండుగ వచ్చే సమయం చూడండి. జూన్‌లో మొదలైన వానలు అప్పటికి నాలుగు నెలలు కురిసి ఉంటాయి. ముసురు రోజుల్లో బయట షూటింగులు తక్కువ, కెమెరాలు పెట్టెల్లోంచి కదలవు. చీకటి, చెమ్మ, కదలని గాలి. ఈ మూడూ కలిసినచోట లెన్సుకి ఫంగస్ పడుతుంది. కెమెరా వాడితే అరిగేది కొంతే, మూసి పెట్టి మరిచిపోతే పాడయ్యేది ఎక్కువ. అందుకే ఏడాదికొకసారి అన్నిటినీ తప్పనిసరిగా తెరిపించే దసరా పూజ ఫోటోగ్రాఫర్లకు పెద్ద రక్ష అని నేను గట్టిగా నమ్ముతాను.

ఫంగస్ గాజును తినదు. గాజు మీద మనం వదిలిన వేలిముద్రల జిడ్డు, దుమ్ము, లెన్సు లోపలి గ్రీజు దాని తిండి. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే చాలు, సాలెగూడు పోగుల్లాంటి తీగలు అల్లుకుంటాయి. పెరుగుతూ అది వదిలే ఆమ్లం గాజు మీది పూతను, ఆనక గాజునే కొరుకుతుంది. ఆ దశ వచ్చాక తుడిస్తే బూజు పోతుంది గానీ మచ్చ పోదు. పెదనాన్న చీకటి గదిలో లెన్సు వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేసి, అపర్చరు పూర్తిగా తెరిచి చూసేవాడు. మామూలు వెలుతురులో తళతళలాడే లెన్సే అలా చూస్తే లోపలి పోగులన్నీ బయటపెట్టేది.

ఆయన బీరువాలో కింది అరలో ఒక జీరో బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. పేరుకు జీరో గానీ దాదాపు 15 వాట్లు లాగుతుంది. బల్బు వేడి నీటి ఆవిరిని ఎక్కడికీ పంపదు, గాలిని వెచ్చబరుస్తుందంతే. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలినే 35 డిగ్రీలకు వేడి చేస్తే, ఉన్న ఆవిరి అంతే అయినా తేమ 60 శాతం లోపుకి దిగుతుంది. వెచ్చటి గాలి మరింత ఆవిరిని పట్టుకోగలదు మరి. కానీ బల్బు లెన్సుకి దగ్గరైతే గ్రీజు కరిగి అపర్చరు రేకుల మీదకి పాకుతుంది, రేకులు అతుక్కుపోతాయి. అందుకే కెమెరాలు పై అరలో, బల్బు కింద.

బల్బుతో పాటు సిలికా జెల్ మూటలు. నీలం గుళికలు చెమ్మ పీల్చి గులాబీ రంగుకి తిరిగితే, మూకుట్లో పోసి సన్నసెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడి చేసేవాడు. ఆ మూకుడు వంటింటి ముఖం చూడకూడదు. నీలం రంగునిచ్చే కోబాల్టు లవణం విషం కాబట్టి ఇప్పుడు నారింజ రంగు గుళికలే మేలు. బియ్యం వేయించి మూటకట్టి పెట్టే అలవాటు కూడా కొందరికి ఉండేది. నేనైతే వద్దంటాను. బియ్యం పీల్చే చెమ్మ తక్కువ, రాల్చే పిండి ఎక్కువ. ఆ పిండి వాసనకి పురుగులు పిలవకుండా వస్తాయి.

నేడు కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్లు వచ్చాయి. తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలబెడతాయి. అంతకంటే బాగా ఎండబెట్టడం మంచిది కాదు, రబ్బరూ తోలూ పెళుసుబారతాయి. కోస్తాలో ఉండేవాళ్లు మాత్రం గుళికల మూటను వదలకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు లోపల గుళికలు పడేసి, ఆపైన క్యాబినెట్ తలుపు తెరవకుండా ఉంచడం తప్ప దారి లేదు.

ఇక పురుగుల సంగతి. పెద్ద స్టాండు కెమెరాకి కొలిమి తిత్తిలా మడతల తోలు బెలోస్ ఉంటుంది. బొద్దింకకి ఆ తోలూ, అతికించిన జిగురూ విందు భోజనం. అది కొరికిన చిల్లు సూదిమొనంత ఉన్నా ఫోటో మీద తెల్లటి మరక పడుతుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, బెలోస్ లోపల చిన్న బల్బు పెట్టి, పూర్తిగా సాగదీసి చుట్టూ తిరిగి చూసేవాళ్లం. ఎక్కడ చుక్క మెరిస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు. మర్నాడు పెదనాన్న పల్చటి నల్ల గుడ్డముక్కను సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో లోపలివైపు అతికించేవాడు. మైదా జిగురు వాడితే బొద్దింకని మళ్లీ పిలిచినట్టే. బ్రిటిష్ కంపెనీలు మన వాతావరణం కోసం ఇత్తడి మూలలు బిగించిన టేకు కెమెరాలు చేసింది కూడా ఈ చెమ్మకీ చెదకీ తట్టుకోవడానికే.

కలరా ఉండలు చీరల బీరువాలో పెట్టుకోండి, కెమెరా పెట్టెలో వద్దు. అవి ఆవిరై, మూసిన పెట్టెలో మళ్లీ గాజు మీదే పొరగా పేరుకుంటాయి. కర్పూరానిదీ అదే గుణం. వేపాకు పెట్టాలనుకుంటే పెట్టెలో కాక బీరువా అడుగున పెట్టాలి. పచ్చిది చెమ్మ ఇస్తుంది, ఎండింది పొడి రాలుస్తుంది.

తోలు కేసు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. తోలు చెమ్మని పీల్చి కెమెరాకి అంటిస్తుంది. ఫోమ్ బ్యాగుదీ అదే తీరు. బ్యాటరీ తీసేయాలి, లేకపోతే కారిన రసం లోపలి రాగిని తినేస్తుంది.

దుమ్ము దులపడానికీ వరస ఉంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి, ఆ తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరికే గుడ్డ. ఇసుక రేణువు మీద గుడ్డ రుద్దితే అదే గీత. నోటితో ఊదితే తుంపర పడుతుంది, అది ఫంగస్‌కి తిండి. డిజిటల్ కెమెరాలో సెన్సర్ మీద దుమ్ము ఉందో లేదో తెలియాలంటే f/16 దగ్గర ఆకాశాన్ని తీసి చూడండి, నల్లచుక్కలు కనిపిస్తాయి. లెన్సు మార్చేటప్పుడు బాడీ నోరు నేలవైపు ఉండాలి.

ఇంత జాగ్రత్త దేనికంటారా? సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పాత గాజు పలకల మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్, ఎముకల నుంచీ తోలు నుంచీ తీసింది, బూజుకీ పురుగుకీ ఇష్టమైన తిండి. వందేళ్ల నాటి మొహాలు ఇవాళ మనకి కనిపిస్తున్నాయంటే, ఎవరో ఆ పెట్టెల్ని ఏటేటా తెరిచి చూశారన్నమాట.

పూజ ముగిశాక, కొబ్బరికాయ కొట్టాక, ఒక పని మిగిలేది. పెదనాన్న ఫిల్ము లేని యాషికా 635 చేతికి తీసుకుని, 1/500 సెకను నుంచి మొదలెట్టి ఒక్కొక్క స్పీడూ దింపుతూ ఒక సెకను దాకా షట్టర్ నొక్కేవాడు. వేగంగా ఉన్నప్పుడు టక్కుమంటుంది. నిదానమయ్యే కొద్దీ లోపలి పళ్లచక్రాలు తిరిగే చప్పుడు వినిపిస్తుంది. నూనె గట్టిపడి ఉంటే ఆ చప్పుడు మధ్యలో తడబడుతుంది. ఆయన కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు. మేమెవ్వరం మాట్లాడకూడదు. జర్ర్ర్ మని చివరి దాకా ఒక్క తీరుగా సాగి టిక్కుమని ఆగితే, "పర్లేదు, వచ్చే వానలదాకా ఉంటాది" అని ప్రసాదం అందుకునేవాడు.