పారిపోవడమూ ఒక విద్యే

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, కథను నోటితో నడిపించే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. పేరులోనే డ్రాగన్ ఉంది కాబట్టి అది ఎదురుపడిన రోజున కత్తి దూయాల్సిందేనని కొత్త ఆటగాళ్ల నమ్మకం. బతికుంటే బలుసాకు తినొచ్చన్న సంగతి వాళ్లకు ఆలస్యంగా గుర్తొస్తుంది.

ముందు వేగం లెక్క చూద్దాం. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో అందరూ తలో టర్న్ ఆడే ఒక రౌండ్ అంటే 6 సెకన్లు. ఎదిగిన ఎర్ర డ్రాగన్ తన టర్న్‌లో 80 అడుగులు ఎగురుతుంది. దాడి మానేసి, టర్న్ అంతా కదలడానికే వాడే ‘డ్యాష్’ చేస్తే 160. అంటే గంటకు సుమారు 29 కిలోమీటర్లు. వంద మీటర్లను 9.58 సెకన్లలో ముగించిన ఉసేన్ బోల్ట్ సగటు వేగం 37 కిలోమీటర్ల పైమాటే. రూల్ బుక్ డ్రాగన్ అతణ్ణి అందుకోలేదు! కానీ మన పాత్రలు బోల్ట్‌లు కావు. మామూలు మనిషి డ్యాష్ చేసినా 60 అడుగులే, గుర్రమెక్కినా 120. ఛేజ్ నియమాల్లో దమ్ముకూ లెక్కుంది: డ్రాగన్ 10 డ్యాష్‌ల దాకా అలసటకు భయపడక్కర్లేదు, కాస్త గట్టి మనిషికి ఆ హద్దు 5. బయలులో పరుగెత్తడం దండగ.

అందుకే పాతకాపులు టర్న్‌ల వరుసను గమనిస్తారు. శత్రువు అందే దూరం దాటి వెళ్తుంటే వెనకనుంచి ఒక దెబ్బ పడుతుంది. దాన్ని ఆపర్చునిటీ అటాక్ అంటారు. దాడి మానేసి జాగ్రత్తగా తప్పుకునే ‘డిసెంగేజ్’ చేస్తే దెబ్బ తప్పుతుంది గానీ ఆ టర్న్‌లో 30 అడుగులకు మించి పోలేం. అయితే ఆ దెబ్బకు కావాల్సిన రియాక్షన్ ఎంతటి డ్రాగన్‌కైనా రౌండ్‌కు ఒక్కటే. మంచి కవచమున్నవాడు ముందు కదిలి దాన్ని తన మీద వేసుకుంటే, మిగతావాళ్లు డ్యాష్ చేయొచ్చు. డ్రాగన్ తెలివైనది, ఆ ఎరకు చిక్కకపోవచ్చు. పైగా ఇతరుల టర్న్ చివర తోక విసరడానికీ, రెక్కలతో కొట్టి పడగొట్టడానికీ దానికి లెజెండరీ యాక్షన్లున్నాయి.

నిప్పు ఊదిన వెంటనే పరుగు తీయాలి. 60 అడుగుల మేర విచ్చుకునే ఆ మంటలో సగటున 63 ప్రాణ పాయింట్లు పోతాయి. మళ్లీ ఊదాలంటే దాని టర్న్ మొదట్లో వేసే పాచికలో 5 గాని 6 గాని పడాలి. మూడింట ఒక వంతు అవకాశం. ఆ సందులో తలోదిక్కుకు చెదిరిపోవాలి, గుంపుగా పోకూడదు.

ఎటు పోవాలి? ఇరుకులోకి. 15 అడుగుల చోటు ఆక్రమించే జంతువు 5 అడుగుల సొరంగంలో పట్టదు. కానీ సొరంగం తిన్నగా ఉంటే మంట లోపలిదాకా వస్తుంది. ప్రాణం కాపాడేది మలుపు. చీకటినీ మాయమైపోయే మంత్రాన్నీ నమ్ముకుంటే లాభం లేదు. 60 అడుగుల లోపు కళ్లతో పనిలేకుండానే అది పసిగడుతుంది. గోడ అడ్డముంటేనే దిక్కు.

2000 నాటి మూడో ఎడిషన్ డ్రాగన్ వేగం 150 అడుగులు. అయినా దాన్నుంచి తప్పించుకోవడమే సులువని నా లెక్క. అప్పట్లో గాల్లో ఎంత చురుగ్గా తిరగగలదో చెప్పే తరగతులుండేవి. ఎదిగిన ఎర్ర డ్రాగన్‌ది నాసి తరగతి: గాల్లో నిలవలేదు, కనీసం సగం వేగంతో ముందుకు పోతూనే ఉండాలి, గిరుక్కున తిరగలేదు. అది చుట్టు తిరిగి వచ్చేలోపు చెట్లలోకి దూరిపోవచ్చు. ఆ నియమాన్ని తీసేయడం నాకు నచ్చలేదు.

ఇంకా వెనక్కి, 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి పుస్తకాల్లో తరుముడుకు నియమాలు ముందే ఉన్నాయి. తిండి పారేస్తే తెలివిలేని మృగాలు, సొమ్ము పారేస్తే తెలివైనవి ఆగే అవకాశం ఎక్కువ. డ్రాగన్‌కి రెండోదే మందు. ఆ రోజుల్లో అనుభవ పాయింట్లలో సింహభాగం దొరికిన సొమ్ముకే వచ్చేది కాబట్టి పోరాడకుండా జారుకున్నా నష్టం లేదు. తర్వాత బరువు పోరాటం వైపు మళ్లింది, పారిపోవడం చిన్నతనమైపోయింది. ఆటకు అది మేలు చేయలేదు.

ఆట నడిపించే డంజన్ మాస్టర్లకు ఒక మనవి: ఈసారి డ్రాగన్ గుహ గీసేటప్పుడు 5 అడుగుల పక్కదారి ఒకటి, అందులో ఒక మలుపు గీయండి.