బోరా, గొట్టపు బావా?

మాంట్రియల్ నుంచి వచ్చిన మా మేనకోడలు ఈ వారం నాకు రెండు పత్రికలు తెచ్చింది: ఫ్రెంచి ‘లె దెవ్వార్’, ఇంగ్లీషు ‘గెజెట్’. ఫ్రెంచి వ్యాసం చివర ‘కూరియెల్’ అన్న మాట చూపించింది. ఈమెయిల్‌కి క్యూబెక్ వాళ్లు పెట్టుకున్న పేరు. 2003లో ఫ్రాన్స్ కూడా దాన్నే అధికారికంగా తీసుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. తెలుగు పత్రికల్లో ఇంగ్లీషు మాటల మీద నా పోరు మీకు కొత్త కాదు. పత్రికంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

అంతలో “ఇది చూడు మామయ్యా” అంటూ గెజెట్‌లో ఒక మాట మీద వేలు పెట్టింది. ‘దెపానర్’. వీధి మలుపులో కొట్టు. మాట ఫ్రెంచిది. ఇంగ్లీషు వాక్యంలో వివరణ లేకుండా, వాలు అక్షరాలు కూడా లేకుండా కూర్చుంది. ఆ ఊళ్లో ఇంగ్లీషువాళ్లూ అలాగే అంటారట. ఆ పత్రిక పుట్టుకే ఫ్రెంచిలో. 1778లో ఫ్లూరీ మెప్లే పెట్టాడు. మరుసటి ఏడాది జైలుపాలయ్యాడు. 1785లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు రెండు భాషల్లోనూ వేశాడు. పూర్తిగా ఇంగ్లీషైంది ఆ తర్వాతే.

దెపానర్ నన్ను నా తొలినాళ్ల డెస్కుకి లాక్కెళ్లింది. ఎండాకాలం, కరువు వార్త. ఒక పల్లె విలేకరి ‘బోర్లు ఎండిపోయాయి’ అని రాసి పంపాడు. నేను ‘గొట్టపు బావులు’ అని దిద్దాను. మర్నాడు ఆయన బస్సెక్కి ఆఫీసుకొచ్చాడు. కోపం లేదు, మొహంలో బాధ. “సార్, మా ఊళ్లో గొట్టపు బావి ఎవరూ తవ్వించలేదండీ. అప్పుజేసి బోర్లేయించారు. పేపర్ చూసి ఇది మన ఊరి సంగతి కాదనుకున్నారు.” ఆ మాట ఇన్నేళ్లూ నాలో ముల్లులా ఉండిపోయింది. కొట్టేసింది ఇంగ్లీషు మాటనే అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కాదు. ఆ రైతుల మాటని కొట్టేశాను.

‘కూరియెల్’ మీద ఇష్టం నాకిప్పటికీ తగ్గలేదు. ఈమెయిల్ అన్న మాట ఇళ్లలో పాతుకుపోకముందే వాళ్లు పేరు పెట్టుకున్నారు. బోరు అప్పటికే పొలంలో దిగిపోయింది.

నిన్న కొత్తగా చేరిన అబ్బాయి కాపీ నా బల్ల మీదికొచ్చింది: ‘డ్రోన్ ద్వారా పురుగుమందు పిచికారీ చేయడం జరిగింది.’ డ్రోన్‌ని ముట్టుకోలేదు. మిగతాది కొట్టేసి ‘డ్రోన్‌తో మందు కొట్టారు’ అని రాశాను.