ఒక్క క్రియ, 645 అర్థాలు

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న క్రియ ‘రన్’. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొత్త కూర్పు కోసం ఈ మాటను పట్టుకుని కూర్చున్న నిఘంటుకారుడు పీటర్ గిలివర్ ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు తేల్చాడు. అందుకు ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది. ఆ సంగతి 2011లో బయటికి వచ్చింది. అంతకుముందు చాలాకాలం మొదటి స్థానం ‘సెట్’ది. 1989 నాటి 20 సంపుటాల కూర్పులో దానికి 430 అర్థాలున్నాయి. ఇంకా వెనక్కి వెళితే, 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ‘టేక్’ క్రియకు 134 అర్థాలు రాశాడు. అర్థం ఒకచోట నిలవని ఇలాంటి క్రియలు తన పనిని బాగా పెంచాయని జాన్సన్ పీఠికలో చెప్పుకున్నాడు. అక్కడ ఆయన పేర్కొన్న క్రియల్లో ‘రన్’ కూడా ఉంది. నిఘంటుకారుడి సత్తా తేలేది ఇలాంటి చిన్న మాటల దగ్గరే. ‘స్టెతస్కోప్’ లాంటి పొడుగాటి మాటకు అర్థం రాయడానికి ఒక వాక్యం చాలు.

645 అన్నది భాషలో ముందే ఉన్న లెక్క కాదు, పని చేస్తుండగా తేలిన లెక్క. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి సంపాదకుల్లో ప్రముఖుడైన జేమ్స్ మరే కాలంలో పుస్తకాల నుంచి ఎత్తిన ఒక్కో వాక్యాన్నీ ఒక్కో చీటీ మీద రాసి పంపేవారు. ఆ చీటీల్ని బల్ల మీద పరిచి, అర్థాన్ని బట్టి కుప్పలు వేయడమే అసలు పని. ఇప్పుడు చీటీల స్థానంలో కంప్యూటర్ వచ్చినా కుప్పలు వేయక తప్పదు. పిల్లవాడు పరిగెత్తాడు, కుక్క పరిగెత్తింది అన్న వాక్యాలు రెండూ ఒకే కుప్పలో పడతాయి. చిక్కు రైలు దగ్గర వస్తుంది. ‘ఈ రైలు రోజూ రన్ అవుతుంది’ అని ఇంగ్లీషువాళ్ళు అనే సమయానికి ఆ రైలు యార్డులో కదలకుండా నిలబడి ఉండొచ్చు, అయినా ఆ మాట నిజమే. అక్కడ చెబుతున్నది కదలిక గురించి కాదు, ఆ సర్వీసు ఉందన్న సంగతి. అంటే కొత్త కుప్ప మొదలైనట్టే. ఆ పక్కనే నాటకం ఉంటుంది. అగాథా క్రిస్టీ ‘ది మౌస్‌ట్రాప్’ 1952లో లండన్‌లో మొదలై, కరోనా విరామం తప్పిస్తే ఆడుతూనే ఉంది. ఇంగ్లీషులో దీనికీ ‘రన్’ అనే అంటారు. ఇక్కడ సర్వీసు కూడా లేదు, కాలం ఒక్కటే సాగుతోంది. రైలునీ నాటకాన్నీ ఒకే కుప్పలో వేసేవారు కొందరు, విడదీసేవారు కొందరు. ఎంత సన్నంగా విడదీస్తే అర్థాల సంఖ్య అంత పెరుగుతుంది. ఎక్కడ కోయాలో తెలియడమే ఈ వృత్తిలో నేర్పు.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయన్నదానికి జవాబు కొంతవరకు మాట పుట్టుకలోనే ఉంది. పాత ఇంగ్లీషులో రెండు క్రియలుండేవి. ‘రిన్నన్’ అంటే తానుగా పరిగెత్తడం, ‘ఆర్నన్’ అంటే గుర్రం లాంటిదాన్ని పరిగెత్తించడం. కాలక్రమంలో ఈ రెండూ కలిసి ఒకే మాట అయ్యాయి. పాత నార్స్ భాష ప్రభావం కూడా ఇందులో ఉంది. తెలుగులో పరిగెత్తు, పరిగెత్తించు అనీ, ఆడు, ఆడించు అనీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు ఆ తేడాను వదిలేసింది. మనిషి పరిగెత్తినా, అదే మనిషి కంపెనీ నడిపినా మాట ఒక్కటే. పైగా ‘రిన్నన్’కు ప్రవహించడం అన్న అర్థం మొదటి నుంచీ ఉంది. దాని జర్మన్ చుట్టం ‘రిన్నెన్’కు నేటికీ ఆ అర్థమే. కాబట్టి నది పారడాన్నీ ముక్కు కారడాన్నీ ‘రన్’ అంటే అది కాళ్ళ పరుగు నుంచి తెచ్చిన పోలిక కాదు, మాటకు పుట్టుకతో వచ్చిన హక్కు. జున్ను కోసం పాలను గడ్డకట్టించే రెన్నెట్ పేరు కూడా ఈ కుటుంబంలోదే.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లు, రైళ్ళు, మోటార్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి, పని చేస్తూ ఉండటం అన్న అర్థాన్ని విపరీతంగా విస్తరింపజేశాయి. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆ వరసలో చివరిది.

ఇన్ని అర్థాలకూ తెలుగులో ఒక్క మాట దొరకదు, దొరకాల్సిన పనీ లేదు. కొట్టు నడుపుతారు, సినిమా ఆడుతుంది, రోడ్డు ఊరి మీదుగా పోతుంది, కొత్త చీర ఉతికితే రంగు దిగుతుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరిగెత్తితే బ్రిటన్‌వాడు నిలబడతాడు, తెలుగువాడూ నిలబడతాడు. ఇంట్లో సరుకు అయిపోవడాన్ని ఇంగ్లీషు ‘రన్ అవుట్’ అంటుంది. తెలుగిల్లు మాత్రం లేదు అన్న మాట నోట రానీయకుండా ‘బియ్యం నిండుకున్నాయి’ అంటుంది. ఈ మాట ‘రన్’ పక్కన కనిపించని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఎంత లావుగా ఉన్నా అసంపూర్ణమే. పరిగెత్తు, పారు, నడుపు అని కామాలు పెట్టి వరసగా పేర్చేస్తే చదువుకునే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఏ కర్తతో ఏది, ఏ కర్మతో ఏది అన్నది వాక్యంలో పెట్టి చూపాలి. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికొస్తోందంటే, మాటతో పాటు వాడుకనూ చూపడం అందుకు పెద్ద కారణం.

తెలుగులోకి వచ్చిన ‘రన్’ మాత్రం తన అర్థాలన్నిటినీ వెంట తెచ్చుకోలేదు. ట్రయల్ రన్, రన్నింగ్ నోట్స్, రన్నింగ్ కామెంటరీ, రన్నింగ్‌లో ఉన్న బస్సు, ఇంకొన్ని. క్రికెట్‌లో అయితే ‘పరుగు’ అన్న అనువాదం కూడా నిలదొక్కుకుంది. బంతి బౌండరీ దాటితే, బ్యాటర్ అడుగు కదపకపోయినా స్కోరులో నాలుగు పరుగులు చేరతాయి. ముక్కుకూ నదికీ రంగుకూ ‘రన్’ను తెలుగువాళ్ళు ఎన్నడూ వాడలేదు. వాడేచోట కూడా ఆ మాట ఒంటరిగా క్రియ కాలేదు, తెలుగు క్రియ తోడు కావాల్సిందే. ప్రోగ్రామ్ రన్ అవుతోంది, ప్రోగ్రామ్‌ను రన్ చేస్తున్నారు అంటారు. పాత ఇంగ్లీషులో రెండుగా ఉండి ఒకటైపోయిన క్రియను తెలుగు ‘అవు’, ‘చేయు’లతో మళ్ళీ రెండుగా విడదీసింది.