ఏ గదిలో ఉండేది?

రేపల్లెలో తాతయ్య ఇల్లు అమ్మేద్దామని అనుకున్నాక, ఆ ఇంట్లోని మూడు బీరువాల సంగతి తేల్చే పని నా మీద పడింది. "పుస్తకాల మీద ఏదో రాస్తుంటావుగా, ఇవేం చెయ్యాలో నువ్వే చూడు" అన్నాడు మావయ్య. నేను బతుకుతెరువుకి రాసేది కోడు. పుస్తకాల మీద రాసేది శని, ఆదివారాల్లో. ఆ మాట చెప్పినా వినిపించుకోలేదు.

తాతయ్య తపాలా శాఖలో పనిచేశాడు. మొదట బాపట్ల, తర్వాత తెనాలి, ఆఖరికి రేపల్లె. ఎక్కడుంటే అక్కడ ఏదో ఒకటి పోగేశాడు. బాపట్లలో ఇత్తడి తాళాలు, బైండు చేయించిన 'భారతి' సంచికలు. తెనాలిలో నాటకాల కరపత్రాలు, పద్యాల గ్రామఫోను రికార్డులు, ఖాళీ సెంటు సీసాలు. రేపల్లెలో పాడైపోయిన గోడ గడియారాలు, పిల్లల పేరు చెప్పి తనే చదువుకున్న 'చందమామ'లు. ఇంట్లో వాటిని బాపట్ల బీరువా, తెనాలి బీరువా, రేపల్లె బీరువా అనేవాళ్ళు. 77 తుఫానులో పైకప్పు పెంకులు లేచిపోయి కరపత్రాలు కొన్ని తడిశాయి. వాటిని ఆరబెట్టి, అతుక్కుపోయినవాటిని అలాగే కట్టకట్టి, ఎక్కడివక్కడే పెట్టాడు.

నాకు మొదట తోచింది ఏమిటంటే, అన్నీ బయటికి తీసి రకాలవారీగా సర్దటం. తాళాలు ఒకచోట, కాగితాలు ఒకచోట, రికార్డులు ఒకచోట. అలా చేస్తే ఎవరికి ఇవ్వాలన్నా తేలిక. అయితే రేపల్లె వెళ్ళే ముందు ఒక ఆదివారం, హైదరాబాదులోనే ఉంటూ చాలా ఏళ్ళుగా గడప తొక్కని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను. ఒక మనిషి పోగేసిన వస్తువుల్ని ఆ మనిషి పోయాక ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి తెలుగునేల మీద అంతకంటే పెద్ద జవాబు లేదు.

*

చిన్నప్పుడు రేపల్లె నుంచి డెల్టా ప్యాసింజర్‌లో రాత్రంతా ప్రయాణం చేసి చూసిన మ్యూజియం అది. అప్పుడు గుర్తున్నవి రెండే. ఒకటి, గంట కొట్టటానికి బుల్లి మనిషి బయటికొచ్చే గడియారం. రెండోది, ముందునుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, వెనకనున్న అద్దంలో చూస్తే మార్గరెట్టా కనిపించే కొయ్యబొమ్మ. ఈసారి బొమ్మల కన్నా వాటిని పోగేసిన మనిషి కోసం వెతికాను.

ఆ మనిషి మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్‌లో పుట్టాడు. నెల నిండకముందే తండ్రి పోయాడు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్ఫై ఏళ్ళపాటు నిజాం రాజ్యానికి దివాన్. బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెకా'ని 1876లో రోమ్‌లో కొన్నది ఆ తాతే. మనవడు కూడా 1912లో దివాన్ అయ్యాడు కానీ రెండేళ్ళకే దిగిపోయాడు. తర్వాతి ముప్ఫై అయిదేళ్ళు వస్తువులు కొనటమే పనిగా పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చి 2న చనిపోయాడు. ఆయన నివాసం దివాన్ దేవ్డీ నిండా వస్తువులు మిగిలాయి.

వాటిని ఒక క్రమంలో పెట్టే పని జేమ్స్ కజిన్స్‌కి అప్పగించారు. ఈ ఐరిష్ కవి మనకి కొత్తవాడేం కాదు. మదనపల్లె కాలేజీలో ఆయన ఉన్న రోజుల్లోనే, 1919లో, టాగోర్ అక్కడికొచ్చి 'జనగణమన'కి ఇంగ్లీషు అనువాదం చేశాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవ్డీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. అంటే తర్వాతి పదహారేళ్ళకు పైగా అది ఒక ఇల్లే. జనం టికెట్టు కొనుక్కుని నవాబు ఇంట్లోకి వెళ్ళి, నవాబు వస్తువులు చూసొచ్చారు. 1958లో వారసుల ఒప్పందంతో సేకరణ కేంద్రప్రభుత్వానికి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన ఇప్పటి భవనంలోకి మారింది.

ఆ మారటంలో వస్తువులతోపాటు వాటి అమరిక కూడా మారింది. ఇప్పుడు గ్యాలరీలు దేశాలవారీగా, పదార్థాలవారీగా ఉంటాయి. చైనా, జపాను, ఐరోపా. దంతం, పచ్చరాయి, గాజు, బిద్రీ. చేతికర్రలకి వేరే, బొమ్మలకి వేరే. మా భాషలో చెప్పాలంటే డేటా అంతా కొత్త సర్వర్‌కి చేరింది. పోయినవి టేబుళ్ళ మధ్య ఉన్న సంబంధాలు.

సాలార్‌జంగ్ మీద తరచూ వినిపించే విమర్శ ఒకటుంది: ఆయనకి డబ్బుంది, వివేచన లేదు, కంటపడిందల్లా కొన్నాడు అని. గొప్ప పర్షియన్ రాతప్రతి పక్క గదిలోనే మామూలు ఐరోపా బొమ్మలుంటాయి కాబట్టి ఆ మాట నిజమేననిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈసారి చేతికర్రల ముందు నిలబడ్డప్పుడు ఆ విమర్శ ఆయన మీద కాదు, అమరిక మీదే వెయ్యాలేమో అనిపించింది. చేతికర్రలన్నీ ఒకేచోట వరసగా పెడితే చూసేవాడికి పోగే కనిపిస్తుంది. అందులో ఒకటి గుమ్మం పక్కన, ఒకటి పడగ్గదిలో, ఒకటి ఎప్పుడూ వాడకుండా పెట్టెలో ఉండి ఉంటే, ఏది వాడుకున్నాడో, ఏది మురిపెంగా దాచుకున్నాడో తెలిసేది. ఇష్టాయిష్టాలు తెలిసేవి వస్తువుల మధ్య దూరాల్లోనే. వస్తువు పక్కనుండే అట్ట మనకి దేశం, కాలం, పదార్థం చెబుతుంది. ఇది ఏ గదిలో ఉండేది అన్న ప్రశ్న ఆ మూడింటిలో లేదు.

*

దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటి చూశాను కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను. కొన్నేళ్ళ క్రితం ఆఫీసు పనిమీద లండన్‌లో ఉన్నప్పుడు జాన్ సోన్ ఇంటికి వెళ్ళాను. సోన్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి ఆర్కిటెక్టు. ఇటికెల మేస్త్రీ కొడుకు. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో పక్కపక్కనున్న మూడు ఇళ్ళని కట్టుకుంటూ, కలుపుకుంటూ వాటి నిండా విగ్రహాలూ, స్తంభాల ముక్కలూ, బొమ్మలూ నింపాడు. ఈజిప్టు రాజు మొదటి సేతి రాతి శవపేటికని బ్రిటిష్ మ్యూజియం ఆ ధర పెట్టలేనంటే, 1824లో రెండు వేల పౌన్లకి కొని నేలమాళిగలో పెట్టుకున్నాడు. బొమ్మల గదిలో గోడలు తలుపుల్లా తెరుచుకుంటాయి. తెరిస్తే లోపల ఇంకో వరస బొమ్మలు.

నిజానికి సోన్ ఇల్లు సాలార్‌జంగ్ మ్యూజియం కన్నా ఇరుకు. అచ్చుపోసిన నకళ్ళు అసలైనవాటి పక్కనే వేలాడుతుంటాయి. అయినా అక్కడ ఎవరికీ 'వివేచన లేదు' అనిపించదు. పైనుంచి పడే వెలుతురు ఏ విగ్రహం మీద పడాలో ఆయనే తేల్చి పెట్టాడు కాబట్టి, ఆ ఇరుకులో ఒక మనిషి ఆలోచన కనిపిస్తుంది. 1833లో పార్లమెంటు చేత ఒక చట్టం చేయించుకున్నాడు, తను పోయాక ఇల్లు వీలైనంతవరకు ఉన్నది ఉన్నట్టు ఉంచాలని. 1837లో పోయాడు. ఇప్పటికీ అలాగే ఉంది.

దీనికి అటువైపు కథ కూడా చెప్పాలి. చిన్నకొడుకుతో పడక, ఆస్తి వాడికి పోకూడదనే సోన్ ఆ చట్టం దాకా వెళ్ళాడు. ఉన్నది ఉన్నట్టు నిలిచిన ఆ ఇంట్లో ఒక తండ్రి కోపం కూడా నిలిచిపోయింది. పైగా ఒక ఇంటిని ఇన్నేళ్ళు కదలకుండా ఉంచటానికి డబ్బు, చట్టం, మనుషులు కావాలి. అవి ఎంతమందికి దొరుకుతాయి?

*

మ్యూజియం నుంచి బయటికొచ్చి దివాన్ దేవ్డీ వైపు నడిచాను. దగ్గరే. ఆ ప్రాంగణంలో అద్దాల మహలు ఆయినాఖానా, పింగాణీతో అలంకరించిన చీనీఖానా ఉండేవి. ఇప్పుడు అక్కడ రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ అంగళ్ళు. పాత ద్వారాలు మాత్రం మిగిలాయి. వాటి కిందనుంచి బట్టల మూటలతో ఆటో ట్రాలీలు వెళ్తుంటాయి. దారి అడిగితే ఒక కుర్రాడు "దివాన్ దేవ్డీయా? ఏం కావాలి, షర్టులా, ప్యాంట్లా?" అన్నాడు.

ఇల్లు పోయిందని వగచి ఊరుకోవటం సులువే. కానీ మూడింటికల్లా మళ్ళీ మ్యూజియంలోకి వెళ్ళినప్పుడు చూసింది కూడా చెప్పకపోతే అన్యాయం. కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు ఎప్పటిలాగే జనం. ఊళ్ళనుంచి వచ్చిన ఆడవాళ్ళు, స్కూలు పిల్లలు, చంకలో పాపాయితో ఒకాయన. బుల్లి మనిషి బయటికొచ్చి మూడు గంటలు కొట్టి లోపలికెళ్ళాడు. అందరూ నవ్వారు. ఏ నవాబు ఇంటి హాల్లోనూ ఇంతమంది పట్టరు, పట్టినా ఇంత ధీమాగా కూర్చోరు. వస్తువుల మీద ఒక ఇంటి పెత్తనం పోయి అవి అందరివీ కావాలంటే ఆ ఇల్లు దాటి రావాల్సిందేనేమో. కాబట్టి నా ఫిర్యాదు మార్చటం మీద కాదు. మార్చే ముందు ఏది ఎక్కడుండేదో రాసిపెట్టుకుని, ఆ సంగతి చూసేవాళ్ళకి కూడా చెప్పాలనే నా వాదన.

*

రేపల్లె వెళ్తూ మధ్యలో వేటపాలెం కూడా వెళ్ళొచ్చాను. తెనాలిలో రైలు మారి బాపట్ల, చీరాల దాటితే వేటపాలెం. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్రని అక్కడ దాచుకున్నారు. సాలార్‌జంగ్‌లో అన్ని కర్రలు చూసొచ్చినా, మనసులో నిలిచింది ఈ ఒక్క కర్రే. అలాగని ఇది వాటికన్నా అందమైనదేమీ కాదు. ఎవరిది, ఇక్కడికెలా వచ్చింది, ఎందుకు ఇక్కడే ఉంది అనే మూడింటికీ ఆ ఊళ్ళో జవాబు దొరుకుతుంది, అంతే తేడా.

రేపల్లె బండి భట్టిప్రోలు మీదుగా పోతుంది. అక్కడి స్తూపంలో దొరికిన ధాతు కరండాలు ఎప్పుడో మద్రాసు మ్యూజియానికి వెళ్ళిపోయాయి. వస్తువులు ఊరు దాటిపోవటం మా డెల్టాకి కొత్తేమీ కాదు. తాతయ్య బీరువాలకి చట్టాలు చేసే పార్లమెంటు లేదు. ఆ ఇంటిని ఎవరూ మ్యూజియం చెయ్యరు, చెయ్యమని నేనూ అడగను. సంచికలు ఏదైనా గ్రంథాలయానికి, రికార్డులు వినేవాళ్ళకి, తాళాలు ఎవరింటికో వెళ్తాయి.

కానీ రకాలవారీగా సర్దే ఆలోచన మాత్రం మానుకున్నాను. ముందు ఒక్కో అరనీ ఉన్నదున్నట్టు ఫోటో తీశాను. తర్వాత ఒక్కోదానికీ చీటీ రాయటం మొదలుపెట్టాను: బాపట్ల, రెండో అర, ఎడమనుంచి ఏడోది. మావయ్య కాసేపు చూశాడు. "ఏందిరా ఇది, తాళానికి అడ్రసా? కాటాకేస్తే పోయే సామానుకి?" అన్నాడు.

తెనాలి బీరువా కింది అరలో, సెంటు సీసాల పక్కన ఒక చిన్న ఇనప తాళం కనిపించింది. మిగతా తాళాలన్నీ ఇత్తడివి, అన్నీ బాపట్ల బీరువాలో ఉన్నాయి. మొదట అనుకున్నట్టు సర్ది ఉంటే దీన్ని కూడా వాటిలో కలిపేసేవాణ్ణి. ఇదొక్కటి ఇక్కడెందుకుందని అడిగాను.

మావయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "ఇది కొన్నది కాదురా. తెనాల్లో మేం అద్దెకున్న ఇంటి తాళం. ఆ ఇంట్లోనే మీ అమ్మ పుట్టింది" అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని బీరువా ముందు కూర్చున్నాడు. సీసాలు ఎవరివో, ఏ కరపత్రం ఏ నాటకానిదో, ఆ నాటకం తెల్లవారుజామున ఎన్నింటికి అయిందో, ఒక్కోటీ చెప్పుకుంటూ పోయాడు. నేను చీటీల వెనకవైపు కూడా రాయాల్సొచ్చింది.

ఆ రాత్రికి తెనాలి బీరువాలో రెండు అరలే పూర్తయ్యాయి. ఇల్లు రిజిస్ట్రేషను వచ్చే నెల. రెండు బీరువాలింకా మిగిలున్నాయి. వచ్చే శనివారం మళ్ళీ డెల్టా ఎక్కాలి.