రేకు వెనుక పని

కెమెరా ముందు నెమలి లేదు, గుంతలే ఉన్నాయి. పెంబర్తి పెద్దాయన ఇత్తడి రేకును బోర్లించి వెనుక నుంచి కొడుతున్నాడు. ఇటు గుంత పడితే అటు నెమలి ఛాతీ పొంగుతుంది. ఎంత పొంగిందో ఆయనకూ కనిపించదు. అయినా సుత్తి ఎక్కడా తడబడదు.

జనగామకు దగ్గర్లో, హైదరాబాద్–వరంగల్ దారి మీదున్న ఊరిది. కాకతీయుల నాడు గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన విశ్వకర్మల విద్య ఇక్కడిది. నిజాముల కాలంలో పాన్‌దాన్లు, అత్తరు గిన్నెలు కూడా చేశారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది.

రేకు కింద లక్క ఉంటుంది. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది అదే. వేడికి మెత్తబడి, ఆరితే రేకును పట్టేసుకుంటుంది. ఉలి దిగినచోట లొంగుతుంది, పక్కనున్న రేకును మాత్రం కదలనివ్వదు. కింద బండ ఉంటే రేకు చదునవుతుంది, ఏమీ లేకపోతే మొత్తం వంగిపోతుంది. నెమలి ఈకల మధ్య అంత సన్నని గీత నిలిచేది ఈ లొంగుబాటు వల్లే.

కొట్టిన కొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. మొండిగా కొడితే చీలుతుంది. పెద్దాయన ఒక్కసారిగా చెయ్యి ఆపాడు.

"ఇగ సాలు సార్, రేకు గట్టివడ్డది. సప్పుడు మారింది, ఇనవడ్తలేదా?"

నాకు వినపడలేదు. మైకు ఉలి పక్కకు జరిపి, ఆ రాత్రి హెడ్‌ఫోన్లలో మళ్లీ మళ్లీ విన్నాక తెలిసింది. మొద్దుగా పలికిన దెబ్బ చివరికొచ్చేసరికి సన్నగా, గణగణమంటోంది. మర్నాటి నుంచి మా చిత్రానికి దారి చూపింది ఆ శబ్దమే. నేపథ్య సంగీతం వద్దనుకున్నాం.

రేకును లక్క నుంచి విడదీసి, ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ లక్కకు అతికిస్తాడు. మామూలుగా ఎడిటింగులో కత్తిరించేసే భాగమిది. మేము మాత్రం ఒక విడత మొత్తం ఉంచేశాం. ఆ నిరీక్షణ లేకుండా నెమలి లేదు.

మూడో విడత కాల్చాక రేకును తిరగేశాడు. నెమలి లేచి ఉంది, కానీ ఇంకా కన్ను లేదు. పెద్దాయన దాని వైపు చూడనే లేదు. బొటనవేలితో మెడ వంపు తడిమి, సన్న ఉలి కోసం చెయ్యి చాపాడు.