పంపు దాకా వెళ్లే ముందు

విశాఖ దగ్గర లంకెలపాలెం కూడలిలో జాతీయ రహదారి వదిలి పరవాడ వైపు తిరిగితే, షిఫ్టు మారే వేళల్లో రోడ్డు నిండా వ్యాన్లే. ఫార్మా సిటీ ఉద్యోగుల్ని దింపేవి, సింహాద్రి థర్మల్ కేంద్రానికి పనివాళ్లని మోసేవి, బడి పిల్లల్ని ఎక్కించుకునేవి. కొత్త బళ్ల మధ్య పాత టెంపో ట్రావెలర్లు, ట్రాక్సులు ఇంకా కనిపిస్తాయి. వారమంతా షిఫ్టులు కొట్టిన బండే సెలవులొస్తే గ్యాస్ పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తా, దుప్పట్లు ఎక్కించుకుని శ్రీశైలమో పూరీయో బయల్దేరుతుంది. గుడి దగ్గర చెట్టు కింద వంట, రాత్రికి సీట్ల మీదే పడక. యూరప్‌లో వ్యాన్లో మంచం, వంటగట్టు బిగించుకుని ఊళ్లు తిరిగేవాళ్ల సరదాకీ మన తీర్థయాత్రకీ తేడా దేవుడొక్కడే.

బండి వైపు నుంచి చూస్తే ఆ తేడా కూడా లేదు. ట్రావెలర్‌కి మూలం మెర్సిడెస్-బెంజ్ 1977లో తెచ్చిన టీ1 వ్యాను. జర్మనీలో దాన్ని ఎంతోమంది చక్రాల మీది ఇల్లుగా మార్చుకున్నారు. 1980ల ద్వితీయార్ధంలో బజాజ్ టెంపో దాన్ని మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ కంపెనీయే 2005 నుంచి ఫోర్స్ మోటార్స్. పాత బళ్లలో ఉండేది ఓఎం616 వంశానికి చెందిన 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిను. 1970లలో మెర్సిడెస్ 240డీ కారుని నడిపింది కూడా ఇదే. అప్పటి ఇంజిన్‌కి టర్బో లేదు, కంప్యూటర్ లేదు. జబ్బు చేస్తే డాష్‌బోర్డు మీద కోడ్ రాదు. పొగ, చప్పుడు, వేడి, వాసన. ఏం చెప్పినా వాటితోనే చెబుతుంది.

ఇలాంటి ఇంజిన్లతో నలిగిన మేస్త్రీల గురించి ఒక మాట ప్రచారంలో ఉంది: చెవి పెట్టి విని, జబ్బేంటో అక్కడికక్కడే చెప్పేస్తారని. వినడానికి బాగుంటుంది గానీ, నాకు ఆ పొగడ్త మీద నమ్మకం తక్కువ. మంచి షెడ్డులో గంటసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది, చెవి వంతు చాలా తర్వాత వస్తుందని. అసలు విద్య వరసలో ఉంది. పైసా ఖర్చు లేని పరీక్ష ముందు, పానా పట్టాల్సినది తర్వాత, విప్పాల్సినది ఆఖర్న. అన్నిటికంటే ఖరీదైన ఇంజెక్షన్ పంపు ఆ వరసలో చిట్టచివరిది.

మొదటిది అడగడం.

"ఏటయ్యిందిరా?"

"పికప్ లేదు మేస్త్రీ. పొద్దున్న స్టార్టింగ్‌కి కూడా చానాసేపు తిప్పాలి."

"ఎప్పట్నించి? ఫిల్టర్ మార్చేవా? డీజిల్ ఎక్కడ పోయించేవు? ట్యాంకు అడుక్కెళ్లే దాకా నడిపేవా?"

ఆ ప్రశ్నల్లో ఒక్కటీ కాలక్షేపానికి అడిగింది కాదు. ఫిల్టర్ మార్చిన మర్నాడే జబ్బు మొదలైతే అక్కడ వాషర్ సరిగ్గా కూర్చోక గాలి పట్టి ఉంటుంది. ట్యాంకు అడుగంటా నడిపితే మడ్డి లైన్లోకి వచ్చి ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో ఉండి వేడెక్కగానే పోయే జబ్బు ఒక జాతి. వేడెక్కాకే వచ్చేది ఇంకో జాతి. అందుకే జాగ్రత్తగల మేస్త్రి సాయంత్రం తెచ్చిన బండిని ముట్టుకోడు. రాత్రికి ఇక్కడే వదిలెయ్, పొద్దున్న నేనొచ్చి సెల్ఫ్ కొడతాను అంటాడు. డ్రైవర్‌కి అది బద్ధకంలా కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్ మొదటి అర నిమిషంలో చెప్పేది, వేడెక్కాక ఎంత అడిగినా చెప్పదు.

ఆ అర నిమిషంలో చూసేది పొగని. తెల్లగా వచ్చి కళ్లు మండిస్తే, కాలని డీజిలే ఆవిరై వస్తోందన్నమాట. ఈ ఇంజిన్‌లో డీజిల్ నేరుగా సిలిండర్లో పడదు. పక్కనున్న చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండర్లోకి దూసుకొస్తుంది. బెంజ్ కంపెనీ ఇంజినీరు ప్రాస్పర్ లొరాంజ్ 1909లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. ఆ గది గోడలు చల్లగా ఉన్నంతసేపు వేడిని లాగేసుకుంటాయి. ఒత్తిడి నిష్పత్తి 21కి 1 ఉన్నా సాయం కావాలి, ఆ సాయమే హీటర్ ప్లగ్. విశాఖ తీరంలో చలేముందని దాన్ని పట్టించుకోనివాళ్లు బ్యాటరీని అరగదీసుకుంటారు. పరీక్ష తేలిక. ప్లగ్ వైరు ఊడదీసి, బ్యాటరీ పాజిటివ్‌కీ ప్లగ్ కొసకీ మధ్య టెస్ట్ బల్బు పెడితే, వెలిగితే తీగ బతికుంది, లేకపోతే తెగింది.

వేడెక్కినా ఆగని తెల్లపొగ, దానితోపాటు రేడియేటర్లో నీళ్లు తగ్గడం, బుడగలు రావడం ఉంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. దానికి ఆయిల్ పోసే మూత పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా మూత తీసి, తిరగేసి, ఆ రంధ్రం మీదే పెడతారు. కాస్త వణికితే పరవాలేదు. గాలి తన్ని మూతని కింద పడేస్తోందంటే రింగులో, బోరో అరిగాయి.

నల్లపొగకి మాత్రం పరవాడలో మొదటి అనుమానం ఎప్పుడూ ఎయిర్ ఫిల్టరే. బొగ్గు, బూడిద లారీలు తిరిగే రోడ్ల మీద దాని ఆయుష్షు తక్కువ. ఫిల్టర్ తీసి ఒక్క నిమిషం రేజ్ చేసి చూస్తే పొగ తగ్గిందా లేదా తేలిపోతుంది. (తీసేసి నడపడం వేరే సంగతి. ఆ దుమ్ము బోరుని తినేస్తుంది.) నల్లపొగ అన్నివేళలా జబ్బు కాదు కూడా. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, సుమారు 900 మీటర్ల ఎత్తుకి వెళ్లేసరికి గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది. పాత పంపుకి ఆ సంగతి తెలీదు. కింద పోసినంత డీజిలే పైనా పోస్తుంది. కొండ మీద కాస్త నల్లగా వదిలి, దిగాక మామూలైపోయే బండికి వైద్యం అక్కర్లేదు.

దారిలో ఆగి ఆగి పరుగెత్తే బండికి వాడే పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, ఎత్తులో కట్టిన డబ్బాలోంచి శుభ్రమైన డీజిల్ నేరుగా ఇంజిన్‌కి ఇస్తారు. అలా ఇచ్చినప్పుడు బండి నున్నగా నడిస్తే ఇంజిన్ నిర్దోషి. తప్పు ట్యాంకుదో, పైపుదో, గాలి పీల్చుకోలేని ట్యాంకు మూతదో. పైపు మధ్యలో పారదర్శకమైన ట్యూబు ముక్క పెట్టి చూడటం దీనికి తోడు. బుడగలు కదిలితే ఎక్కడో గాలి లాగుతోంది. డీజిల్ కారని సందులోంచి కూడా గాలి దూరుతుంది కాబట్టి తడి కనిపించలేదని వదిలేయకూడదు.

ఇక మిస్ కొట్టే ఇంజిను. నాలుగింట్లో ఏదో ఒకటి సరిగ్గా పనిచేయడం లేదు. ఏది? ఐడిల్‌లో నడుస్తుండగా మేస్త్రి మొదటి నాజిల్ మీది పైపు నట్టుని కొంచెం సడలిస్తాడు. ఆ సిలిండర్‌కి డీజిల్ ఆగిపోతుంది. ఇంజిన్ చప్పుడు మారి, వణుకు పెరిగితే అది ఇంతవరకూ పనిచేస్తున్నదే. బిగించి రెండోదానికి వెళ్తాడు. ఎక్కడ సడలించినా చప్పుడు మారదో, అదే సోమరి. చెవికి పని పడేది ఇక్కడే. అయితే అదేదో దివ్యశ్రవణం కాదు, తేడా వచ్చిందా రాలేదా అన్నదొక్కటే ప్రశ్న. వారం తిరక్కుండా కుర్రాడు కూడా పట్టుకుంటాడు.

సోమరి దొరికాక తొందరపడేవాడు వెంటనే కొత్త నాజిల్ కొనిపిస్తాడు. నేర్చినవాడు ఇంకొక అడుగు వేస్తాడు. సోమరి మూడో సిలిండరైతే, దాని నాజిల్‌ని ఒకటోదానికి, ఒకటోదాన్ని మూడుకి మార్చి మళ్లీ పరీక్షిస్తాడు. జబ్బు ఒకటోదానికి మారితే తప్పు నాజిల్‌ది. మూడులోనే ఉండిపోతే నాజిల్ డబ్బు మిగిలినట్టే. ఇక వెతకాల్సింది కంప్రెషన్‌లో, వాల్వుల్లో, లేదా ఆ పైపుకి డీజిల్ తోసే పంపు భాగంలో. నాజిల్ విప్పిన ప్రతిసారీ దాని కింది వాషర్ కొత్తది వేయాలి. పాతదే వేసి బిగిస్తే కంప్రెషన్ కారి కొత్త జబ్బు మొదలవుతుంది, దాన్ని పాత జబ్బేనని అనుకుంటారు. సడలించిన నట్టు దగ్గర చెయ్యి, ముఖం పెట్టకూడదు. ఈ నాజిళ్లు తెరుచుకోవడానికే వంద బార్లు దాటిన ఒత్తిడి కావాలి. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ, లోపల చెయ్యి పోగొట్టుకునేంత గాయం.

ఇన్నీ అయ్యాకే పంపు. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్ అయినా, షెడ్డుల్లో అది మైకో పంపే. డీజిల్ కొలత స్క్రూకి సీలు వేసి ఉంటుంది. మన రిపేరు సంప్రదాయంలో నాకు నచ్చని భాగం కూడా ఆ సీలు దగ్గరే ఉంది. పికప్ లేదు, కాస్త పెంచు అని డ్రైవర్ అడగడం, మేస్త్రి సీలు తెంపి స్క్రూ తిప్పడం చాలా చోట్ల మామూలు. నాలుగు రోజులు బండి లాగుతుంది. తర్వాత నల్లపొగ, తగ్గిన మైలేజీ, ఘాట్లో వేడి, చివరికి పిస్టన్. అసలు జబ్బైన మూసుకుపోయిన ఫిల్టర్ మాత్రం అలాగే ఉంటుంది. పంపుని బెంచి మీద పెట్టి నాలుగు పైపులకీ డీజిల్ సమానంగా వస్తోందో లేదో కొలిచే షెడ్డులు వేరే ఉన్నాయి, ఆ పని వాళ్లది. ఏ బండికి ఏం చేశారో కాయితం మీద పెట్టకపోవడం ఇంకో లోపం. మేస్త్రి ఊరు మారితే ఆ బండి చరిత్రంతా ఆయనతోనే పోతుంది.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 వ్యాన్లకి ఈ పద్ధతుల్లో కొన్ని ప్రమాదం కూడా. కామన్ రైల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద నట్టు సడలించడం అనే మాటే ఉండకూడదు. అక్కడ ఆ పని స్కానర్ చేస్తుంది, ఒక్కో సిలిండర్ని తెర మీంచే ఆపి చూపిస్తుంది. కానీ కామన్ రైల్‌లో ఒత్తిడి తక్కువ అని స్కానర్ చూపించినప్పుడు దానికి కారణం ఫిల్టరా, లైన్లో గాలా, కల్తీ డీజిలా, పంపా అన్నది కోడ్ చెప్పదు. తెర మీద కోడ్ చూసి నేరుగా పంపుకి రేటు చెప్పేవాడూ, ముందు ఫిల్టర్ విప్పి చూసేవాడూ ఇద్దరూ ఈ రోడ్డు మీదే ఉన్నారు. పంపు ధరకీ ఫిల్టర్ ధరకీ మధ్య ఉన్న తేడా వ్యాను యజమానికి కొన్ని నెలల కిస్తీ.